ఎండవాలు చెట్లు... నీడవాలు చెట్లు

రిషికేశ్ నుంచి బదరీనాథ్ వెళ్లే యాత్రా బస్సుల్లో తెలుగువాళ్లు లేని బస్సు అరుదు. పులిహోర పొట్లాలు విప్పేవాళ్లు విప్పుతుంటారు, సహస్రనామం చదివేవాళ్లు చదువుతుంటారు. మలుపు వచ్చినప్పుడల్లా అందరి చూపూ ఒకవైపే... లోయలో ఎక్కడో కింద తళుక్కుమనే గంగ వైపు. రెండో వైపు కొండ మీదున్న చెట్లను ఎవరూ పట్టించుకోరు. మహా అయితే కిటికీ పక్కన కూర్చున్న ఇల్లాలు, ‘‘ఏవండీ, ఇవి మన సరుగుడు చెట్లేనా?’’ అని అడుగుతుంది. ‘‘కాదే, పైన్ చెట్లు. సినిమాల్లో చూళ్లేదూ!’’ అంటాడాయన. ఇద్దరూ మళ్లీ గంగ వైపు తిరుగుతారు.

సరుగుడనుకోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. గాలి వీస్తే రెండూ ఒకేలా హోరుమంటాయి. దగ్గరికెళ్తేనే తేడా. సరుగుడుకి ఆకులని మనం అనుకునేవి నిజానికి సన్నటి కణుపుల కొమ్మలు. పైన్‌వి అసలైన ఆకులే, సూదుల్లా ఉంటాయి. ఒక్కో కట్టలో ఎన్ని సూదులున్నాయో లెక్కపెడితే అది ఏ పైనో చెప్పేయొచ్చు. మూడుంటే చిర్ పైన్. అయిదుంటే ఇంకా పైఎత్తుల్లో పెరిగే కైల్, అంటే నీలి పైన్.

ఈ చిర్ పైన్ శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గీ. ఆ రాక్స్‌బర్గ్ మనకు బొత్తిగా పరాయివాడు కాదు. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో ఉన్నది సామర్లకోటలో. కాకినాడ పక్కనున్న ఆ ఊళ్లోనే తోట వేసి, మిరియాలూ చెరకూ పెంచి చూశాడు. స్థానిక చిత్రకారులతో మన మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలే తర్వాత కోరమండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథంగా లండన్‌లో అచ్చయ్యాయి. 1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లిపోయాడు. హిమాలయాల చిర్‌కి ఆయన పెట్టిన పేరుకు అర్థం ‘పొడుగాకుల పైన్’. అయితే అదే పేరును అంతకుముందే ఇంకో పైన్‌కు ఎవరో వాడేశారట! దాంతో 1897లో సార్జెంట్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త దానికి రాక్స్‌బర్గ్ పేరే ఖాయం చేశాడు. అలా గోదావరి జిల్లాలో మొక్కలు పరిశీలించిన మనిషి పేరు గఢ్వాల్ కొండల నిండా నిలబడింది.

ఇక కొండ సంగతి. బడిలో చదువుకున్న ‘శృంగాకార అరణ్యాలు’ అన్న మాట అందరికీ గుర్తుండే ఉంటుంది. కొండ బొమ్మ గీసి, అడ్డంగా గీతలు కొట్టి, అడుగున ఆకురాల్చు అడవులు, ఆపైన శృంగాకారపు అడవులు, ఆపైన గడ్డి, ఆపైన మంచు అని రాసుకున్నాం. ఆ బొమ్మకు పెద్ద చరిత్రే ఉంది. జర్మన్ యాత్రికుడు హంబోల్ట్ 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం ఎక్కి వచ్చి, ఏ ఎత్తులో ఏ మొక్క పెరుగుతుందో ఒకే పటంలో చూపించాడు. ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలన్నీ దాదాపు ఆ దారిలోనే నడిచాయి.

లెక్క కూడా తేలికే. కిలోమీటరు ఎత్తు పెరిగితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే గఢ్వాల్, కుమావూ కొండల్లో వెయ్యి మీటర్ల దాకా సాల చెట్లు ఉంటాయి. ఆపైన రెండువేల మీటర్ల దాకా చిర్ పైన్ రాజ్యం. సుమారు పదిహేను వందల నుంచి బాంజ్ అనే ఓక్ చెట్టు కలుస్తుంది. దానితోపాటే ఎర్రటి పూల బురాంశ్. పద్దెనిమిది వందలు దాటాక దేవదారు. ఇంకా పైకి స్ప్రూస్, ఫర్, ఖర్సూ ఓక్. చిట్టచివర మూడువేలు దాటాక భూర్జ వృక్షం. దాని బెరడు మీదే ఒకప్పుడు మన పూర్వులు గ్రంథాలు రాసుకున్నారు. ఆపైన చెట్టన్నది ఉండదు. ‘బుగ్యాల్’ అని పిలిచే పచ్చిక మైదానాలే.

అయితే ఈ గీతలు పట్టుకుని కొండెక్కితే రెండో మలుపులోనే తికమక మొదలవుతుంది. పదిహేడు వందల మీటర్ల ఎత్తు. ఒకే కొండ. ఇటుపక్క చూస్తే పల్చగా, పొడిగా, కింద ఎండు సూదులు పరుచుకున్న చిర్ అడవి. శిఖరం దాటి అటువైపు దిగితే చీకటిగా, చల్లగా, రాళ్లకు నాచు పట్టిన బాంజ్ అడవి. ఎత్తు అదే, వానా దాదాపు అంతే. మరి తేడా ఎక్కడ?

ఎండలో! ఆ కొండలు ముప్ఫై డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాయి. అక్కడ సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపు వాలే ఉంటాడు. మన తెలుగునేల మీద వేసవిలో నడినెత్తికి వచ్చి, కొన్నాళ్లు ఉత్తరానికి కూడా జరుగుతాడు కాబట్టి మనకు ఈ తేడా పెద్దగా తెలియదు. అక్కడ మాత్రం దక్షిణానికి తిరిగిన వాలుకు చలికాలంలోనూ ఎండ తగులుతుంది, మంచు త్వరగా కరుగుతుంది, మట్టి ఎండిపోతుంది. ఉత్తరానికి తిరిగిన వాలు మీద నీడ. తేమ వేసవి దాకా నిలుస్తుంది. పహాడీలు ఈ రెండు వాలులకూ వేర్వేరు పేర్లే పెట్టుకున్నారు. ఇల్లు కట్టుకునేది ఎండవాలులో, కట్టెలకీ మేతకీ వెళ్లేది నీడవాలుకి. చెట్లు కూడా అలాగే పంచుకున్నాయి. ఎండవాలు చిర్‌ది, నీడవాలు బాంజ్‌ది. ఇంకా పైన కూడా అంతే. ఫర్, స్ప్రూస్ నీడకీ తేమకీ చేరతాయి. కైల్ ఎండకీ, ఖాళీ నేలకీ చేరుతుంది.

రాయి కూడా ఒక మాట చెబుతుంది. నైనితాల్ చుట్టుపక్కల సున్నపురాయి బయటపడిన చోట్ల సురయి, అంటే హిమాలయ సైప్రస్ కనిపిస్తుంది. కొండచరియ విరిగిపడిన చోటా, వాగు ఒడ్డునా ఉతీస్ అనే ఆల్డర్ వస్తుంది. మంచు ఎక్కువ పడేచోట చిర్ నిలవలేదు, బరువుకి కొమ్మలు విరుగుతాయి. ఫర్ చెట్టు గోపురంలా ఉంటుంది కనుక మంచు జారిపోతుంది. కొండను చూసి చెట్టు చెప్పొచ్చు, చెట్టును చూసి కొండ సంగతీ చెప్పొచ్చు.

ఒకే అడవిలోనూ చెట్లు ఇష్టమొచ్చినట్టు నిలబడవు. ఒక్కో చెట్టు ఎక్కడుందో గుర్తు పెట్టి, పక్క చెట్టుకెంత దూరమో కొలిచే శాస్త్రవేత్తలు చెప్పేదేమిటంటే, చిన్నమొక్కలు గుంపులుగా ఉంటాయి, విత్తనం రాలేది అక్కడే కాబట్టి. పెరిగేకొద్దీ వెలుగు కోసం, నీళ్ల కోసం పోటీ మొదలై బలహీనమైనవి పోతాయి. ముసలి చెట్లు ఒకదానికొకటి ఎడంగా మిగులుతాయి. దేవదారు తోపులో నిలబడితే ఎవరో కొలిచి నాటినట్టు అనిపించేది అందుకే. అల్మోరా దగ్గరి జాగేశ్వర్ గుళ్ల చుట్టూ ఉన్న దేవదారు వనం చూసినవాళ్లకు ఇది తెలుసు. (మనవైపు తెల్లటి మెత్తటి పెట్టె చెక్క ఏది కనిపించినా ‘దేవదారు చెక్క’ అనేస్తుంటారు. అసలు దేవదారు అంత చవక చెక్క కాదు.)

అయితే చెట్ల పంపకాన్ని ఎండా, ఎత్తూ, మంచే నిర్ణయిస్తున్నాయంటే సగమే నిజం. మిగతా సగంలో మనిషి ఉన్నాడు. ఆ కథలో నష్టపోయింది ఎక్కువగా ఆడవాళ్లు.

బాంజ్ చెట్టంటే పహాడీ ఇంటికి పెరట్లో మునగచెట్టులాంటిది, ఇంకా ఎక్కువే. ఆకు పశువులకు మేత. కొమ్మ పొయ్యిలోకి. రాలిన ఆకు గొడ్ల కింద పరుపు, ఆ తర్వాత పొలానికి ఎరువు. నాగలి చేసినా ఆ చెక్కతోనే. ఆ చెట్టు కింద మట్టి మెత్తగా నల్లగా ఉండి వాననీటిని పీల్చుకుంటుంది. ఆ నీరే కింద ఎక్కడో ఊటగా పైకి వస్తుంది. అలాంటి ఊటలకు రాతితో చిన్న మందిరంలా కట్టి ‘నౌలా’ అని పిలుచుకుంటారు. కొత్తకోడలు అత్తారింటికొచ్చాక ఊటకు పూజ చేయడం అక్కడి ఆచారం. మన దగ్గర గంగపూజ చేసినట్టు.

చిర్ అలా కాదు. దాని సూదులను పశువు నోట పెట్టదు. కట్టె పొగచూరుతుంది. కానీ డబ్బు తెస్తుంది! కాండం మీద గాటు పెడితే కారే ‘లీసా’ అనే బంక నుంచి టర్పెంటైన్, రోజనం తీస్తారు. మన ఇళ్లలో హారతికి వెలిగించే కర్పూరంలో చాలాభాగం ఇప్పుడు కర్పూరం చెట్టుది కాదు, పైన్ టర్పెంటైన్ నుంచి రసాయనికంగా తయారైనదే.

రైళ్లు వచ్చాక ఇంగ్లిషువాళ్లకు స్లీపర్లు కావాల్సి వచ్చాయి. మొదట దేవదారు మీద పడ్డారు. హర్సిల్‌లో స్థిరపడిన ఫ్రెడరిక్ విల్సన్ అనే ఆయన టెహ్రీ రాజా దగ్గర అడవి గుత్తకు తీసుకుని, దుంగలను భాగీరథిలోకి తోసి మైదానాలకు చేర్చాడు. నది డబ్బు లేకుండా మోసే కూలీ అయింది. 1864లో అటవీశాఖ వచ్చింది. 1878లో అటవీ చట్టం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిర్ దుంగలనూ మందుపెట్టి స్లీపర్లకు వాడొచ్చని తేలాక దాని విలువ పెరిగింది. లీసా ఆదాయం ఎటూ ఉంది. దాంతో చిర్‌ను పెంచడం, కాపాడటం ప్రభుత్వానికి లాభసాటి పని అయింది. బాంజ్ వల్ల ఖజానాకు వచ్చేదేముంది? పైసా లేదు. కొన్నిచోట్ల దాన్ని తొలగించి చిర్‌కు చోటిచ్చారు. మిగిలినచోట పల్లెల మేతా కట్టెలూ అన్నీ ఆ కొద్దిపాటి బాంజ్ మీదే పడ్డాయి.

1921లో కుమావూ జనం తిరగబడి, ప్రభుత్వ అడవులకు నిప్పు పెట్టారు. చరిత్రకారుడు రామచంద్ర గుహ ఆ రికార్డులు తిరగేసి రాసిన విషయం ఒకటి ఆలోచింపజేస్తుంది. తగలబడినవి ప్రధానంగా చిర్ అడవులు. వెడల్పాకుల అడవుల జోలికి ఎవరూ వెళ్లలేదు. కోపంలోనూ ఏది తమదో, ఏది సర్కారుదో ఆ జనానికి స్పష్టంగా తెలుసన్నమాట! ఆ గొడవల తర్వాతే 1931లో వన పంచాయతీలకు నిబంధనలు వచ్చాయి. ఊరి అడవిని ఊరే చూసుకునే పద్ధతి అది.

గాంధీగారి శిష్యురాలు మీరాబెన్ స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు భిలంగనా లోయలో ఆశ్రమం కట్టుకుని ఉన్నారు. కింద మైదానాల్లో ఏటా పెరుగుతున్న వరదలకు మూలం ఎక్కడుందా అని వెతుకుతూ ఆమె కొండెక్కారు. బాంజ్ వెనక్కి తగ్గుతోంది, దాని జాగాలోకి చిర్ ఎక్కుతోంది... 1950ల మొదట్లో ఆమె రాసింది ఇదే. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత 1974 మార్చి 26న రేణీ గ్రామంలో గౌరాదేవి ఆడవాళ్లను వెంటేసుకుని అడవికి అడ్డంగా నిలబడినప్పుడు మాత్రం దేశం తిరిగి చూసింది. మగవాళ్లంతా నష్టపరిహారం కోసం చమోలీ వెళ్లిన రోజది. ఈ అడవి మా పుట్టిల్లు అని ఆమె అన్నట్టు చెప్పుకుంటారు. 1980ల మొదట్లో వెయ్యి మీటర్ల పైన పచ్చని చెట్ల వ్యాపార నరుకుడుకు ప్రభుత్వం పదిహేనేళ్ల నిషేధం పెట్టింది.

గొడ్డలి ఆగింది. కానీ చిర్, బాంజ్‌ల పోరు ఆగలేదు.

ఎందుకంటే, చిర్ విత్తనానికి రెక్క ఉంటుంది. వేసవిలో కాయ విచ్చుకుంటే గాలికి ఎగిరిపోయి, ఎండిన బోడినేల మీద కూడా మొలుస్తుంది. బాంజ్ కాయ బరువైనది. చలికాలంలో చెట్టు కిందే రాలుతుంది. కొన్నిటిని పక్షులు మోసుకెళ్తాయి, కొన్నిటిని కొండముచ్చులు తింటాయి, మిగిలినవాటికి తేమ, ఆకుల దుప్పటి దొరక్కపోతే వేసవికల్లా ఎండి చచ్చిపోతాయి. మొలిచినా మేక వదలదు. ఏటా కొమ్మలు నరికిన చెట్టు అసలు కాయే కాయదు. ఇక నిప్పు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చిర్ సూదులు రాలి నేలంతా మందంగా పరుచుకుంటాయి. ‘పిరూల్’ అంటారు. బంక నిండిన ఆ సూదులకు బీడీ ముక్క చాలు. మంట పాకిపోతుంది. మందపాటి బెరడున్న పెద్ద చిర్‌కు ఏమీ కాదు. దాని పిల్లమొక్క మాడినా మొదటి నుంచి మళ్లీ చిగురిస్తుంది. బాంజ్ పిల్ల మాత్రం బూడిదే. అలా మంట ఎగబాకిన ప్రతిసారీ సరిహద్దు కాస్త బాంజ్ వైపు జరుగుతుంది.

ఆ నిప్పు ఎప్పుడూ పొరపాటున అంటుకునేది కాదు. పిరూల్ మీద కాలు జారి లోయలో పడిపోయే ఆడవాళ్లున్నారు. సూదులు తగలబెడితే నడవడానికి దారి ఏర్పడుతుంది, వానలకు పచ్చి గడ్డి మొలుస్తుంది. అందుకని ఊళ్లవాళ్లే అంటించడమూ ఉంది. బాంజ్ ఉంటే ఆ గడ్డి కోసం అంత దూరం పోనక్కర్లేదు. బాంజ్ లేక నిప్పు, నిప్పు వల్ల బాంజ్ లేకపోవడం. ఉత్తరాఖండ్‌లో ఇప్పుడు చిర్ విస్తరించిన నేల సుమారు నాలుగు లక్షల హెక్టార్లు. 2024 ఏప్రిల్‌లో నైనితాల్ దగ్గర మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్ భీమ్‌తాల్ సరస్సులోంచి నీళ్లు తోడి పోయాల్సి వచ్చింది. ఆ జూన్ 13న బిన్సర్ అభయారణ్యంలో మంటల్లో చిక్కుకుని నలుగురు అటవీ సిబ్బంది చనిపోయారు. పిరూల్ ఏరి తెచ్చినవాళ్లకు డబ్బిచ్చే పథకాన్ని ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది.

నీళ్ల మాట కూడా అనుకోవాలి. హిమాలయాల్లో ఏడాదంతా పారే ఊటల్లో దాదాపు సగం ఎండిపోతున్నాయనో, వానాకాలానికే పరిమితమవుతున్నాయనో 2018లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. పల్లెల్లో ఎవరినడిగినా, ‘‘చీడ్ వచ్చింది, నీళ్లు పోయాయి’’ అంటారు. చిర్‌ను అక్కడ చీడ్ అని పిలుస్తారు. తెలుగులో ఆ మాటకున్న అర్థం తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, నేరమంతా చెట్టు మీదే వేయడం న్యాయం కాదు. చిర్ ఎక్కడి నుంచో తెచ్చి నాటిన విదేశీ మొక్క కాదు, ఆ కొండల బిడ్డే. పొడి నేల దాని సొంతచోటు. నీళ్లు లేనిచోట చిర్ ఉండటం చూసి, చిర్ వల్లే నీళ్లు లేవని అనేయడంలో తిరకాసు ఉంది. కొండను తొలిచి వేసిన రోడ్లు, మారిన వానల తీరు, పెరిగిన వాడకం... ఊట ఎండడానికి వీటి వాటా వీటికుంది. చిర్ ఎండవాలు మీద ఉన్నంతకాలం తగాదా లేదు. నీడవాలుకు ఎక్కినప్పుడే ఊళ్లకు కష్టం. అలా ఎక్కడానికి మెట్లు కట్టింది మనిషి.

పైన చిట్టచివరి గీత దగ్గరా ఇదే వరస. గంగోత్రి నుంచి గోముఖ్ దారిలో భోజ్‌బాసా అనే మజిలీ ఉంది. భూర్జ వృక్షాల నివాసం అని దాని అర్థం. యాత్రికుల పొయ్యిలకూ గుడారాలకూ ఆ చెట్లు ఖర్చయిపోయాయి, పేరు మిగిలింది. పర్వతారోహకురాలు హర్షవంతీ బిష్త్ 1990ల్లో అక్కడ భూర్జ మొక్కలు నాటించే పని మొదలుపెట్టారు. ఏడాదిలో నాలుగైదు నెలలే ఎదుగుదల ఉండే చోటది. అక్కడ మనిషెత్తు చెట్టంటే చాలా ఏళ్ల పెంపకం.

బాంజ్ కోసం మాత్రం పని ఇంకా కిందే, ఊళ్ల పక్కనే జరుగుతోంది. ఉత్తరాఖండ్‌లో ఇప్పుడు 11 వేలకు పైగా వన పంచాయతీలున్నాయి. అన్నీ బాగా నడుస్తున్నాయని కాదు. కాగితాల మీదే ఉన్నవీ ఉన్నాయి. నడిచేచోట లెక్క కచ్చితంగా ఉంటుంది. అడవి ఏడాదిలో ఎక్కువకాలం మూసే ఉంటుంది. చలికాలంలో మేత కరవైనప్పుడు కొన్నిరోజులు తెరుస్తారు. ఇంటికొకరు. ఆ రోజు చీకటితోనే కొడవళ్లు, తాళ్లు పట్టుకుని ఆడవాళ్లు బయల్దేరతారు. పక్క కొమ్మలే కోయాలి, నడినెత్తి కొమ్మ ముట్టుకోకూడదు. పచ్చి కట్టె కొట్టకూడదు. ఎవరైనా రెండో మోపు కట్టబోతే పక్కావిడే కేకేస్తుంది.